మామగారి అద్దం

గ్రంథాలయంలో తగువు పడటం అందరికీ చేతకాదు. అక్కడ గొంతు లేవకూడదు. లేచిందంటే చదువుకునేవాళ్లంతా ఒక్కసారే తలలెత్తి, ఎవరింట్లోనో దొంగలు పడ్డట్టు చూస్తారు. అందుకని ఆ పూట నాచు పిన్నీ గొడుగాయనా గుసగుసల్లోనే కొట్టుకున్నారు. ఎదుటి బల్ల మీద, అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిన్ని అక్క ఒక్క ముక్క పోనివ్వకుండా విన్నది. ఆ అక్కకి చెవులు పదును. నోరు ఇంకా పదును.

గొడుగాయన అంటే ఉద్యోగం నుంచి దిగిపోయాక ఎండా వానా అనకుండా గొడుగు పట్టుకు తిరిగే పెద్దమనిషి. రోజూ పేపరు చదవడానికి వస్తాడు. పేపర్లో తప్పులు వెతుకుతాడు. అవి అయిపోతే హాల్లో మనుషుల్లో వెతుకుతాడు.

ఆ హాల్లో గోడ పొడవునా పెద్ద గాజు తొట్టి ఉంది. దాన్ని చూసుకునే ఉద్యోగం నాచు పిన్నిది. రెండు మంచాలు వరసగా వేసినంత పొడుగు, పిన్ని భుజాలంత ఎత్తు. లోపల పచ్చగా, ఎర్రగా, రిబ్బన్లలా, దువ్వెనల్లా రకరకాల మొక్కలు. మధ్యలో వంపు తిరిగి పడుకున్న ఎండు మొద్దు. దాని చుట్టూ నీలి గీతల చిన్న చేపలు. పక్కన గోడకి ఒక బోర్డు: "మామగారు ఈ తొట్టిలోనే ఉన్నారు. ఓపికగా వెతకండి."

"ఈ బోర్డు పీకెయ్యండి," అన్నాడు గొడుగాయన. "లోపల మామగారూ లేడు, మేనమామా లేడు. ఎన్నాళ్లనుంచి చూస్తున్నానో."

"మీరు చూస్తున్నారని ఆయనకీ తెలుసండి. అందుకే రావటం లేదు."

"చేపకి నా సంగతి ఏం తెలుసమ్మా?"

"మీ గుమ్మం ముందు ఊరంతా నిలబడి, గొడుగు మొనతో తలుపు పొడుస్తా ఉంటే మీరు బయటికొస్తారా?"

"నేను చేపను కాను."

"అవునండి. అందుకే మీకు బోర్డు పెట్టలేదు."

పక్క బల్ల దగ్గర చదువుకుంటున్నవాళ్లు పేపర్లు ముఖాలకి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపర్లు వణికాయి.

"ఫిర్యాదు రాస్తాను," అన్నాడు గొడుగాయన. "లేనిదాన్ని ఉందని జనాన్ని మోసం చేస్తున్నారని రాస్తాను."

"రాయండి, ఎవరొద్దన్నారు? రాసేముందు ఒక్కసారి ఇటు రండి."

తొట్టి ఎడమ పక్క అద్దం మిగతా అద్దాల్లా మెరవదు. లోపలివైపు పల్చగా పచ్చటి నాచు పట్టి ఉంటుంది. ఆ నాచులో కోడిగుడ్డు ఆకారంలో శుభ్రంగా గీకిన మచ్చలు, ఒకదాని వెనక ఒకటి, పైకి పాకి మళ్లీ మొద్దు వైపు దిగుతున్నాయి.

"ఏమిటివి?"

"రాత్రి భోజనమండి. మామగారు అద్దానికి నోరు కరిపించుకుని నాచు గీక్కుని తింటాడు. కంచం ఇంకా కడగలేదు, చూసుకోండి."

గొడుగాయన వేలితో రుద్ది చూశాడు. మచ్చ లోపలివైపు ఉంది కాబట్టి పోలేదు. ముక్కు అద్దానికి ఆనించాడు. ఆయన ఊపిరికి అద్దం మసకబారింది.

"ఇంత నోరా," అన్నాడు చివరికి.

"మనుషులతో పోలిస్తే చిన్నదేనండి," అన్నది నాచు పిన్ని.

గొడుగాయన ఫిర్యాదు రాయలేదు. గొడుగు చంకలో పెట్టుకుని పేపర్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పూట పేపర్లో ఒక్క తప్పూ పట్టలేదు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ అక్క మురిసిపోయింది. ఎదుటివాడి నోరు మూయించటం తమ ఇంటి ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య అని ఆవిడ నమ్మకం.

"ఏ మాటకామాట చెప్పాలే. ఇవాళ నా చెల్లెలివి అనిపించుకున్నావు. ఆ నోటి గుర్తులు చూపించావు చూడు, దాంతో ఆయన పని అయిపోయింది. ఎంత తీరుగా ఉన్నాయే అవి."

"బాగున్నాయా?" అన్నది పిన్ని. నడుస్తూనే కుడిచేతి బొటనవేలు అక్క ముఖం ముందు పెట్టింది. గోటి సందులో పచ్చగా నాచు.

అక్క రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక వస్తున్న సైకిలువాడు గంట కొట్టి, తిట్టి, చుట్టూ తిప్పుకుని పోయాడు.

"అయితే మామగారు?"

"ఎప్పుడో పోయాడక్కా."

"ఎక్కడికి?"

"గుమ్మం పక్కన క్రోటన్ కుండీలోకి."

ఈ సంగతి ఎలా మొదలైందో తెలియాలంటే నాచు పిన్ని ఆ తొట్టి దగ్గరికి ఎలా చేరిందో చెప్పాలి. ఆవిడ మొదట్లో దర్జీ పని చేసేది. బడిపిల్లల చొక్కాలు, లాగూలు కుట్టేది. మొగుడు కుళాయిలు, గొట్టాలు బిగించే పనివాడు. గ్రంథాలయంలో తొట్టి పెట్టినప్పుడు గొట్టాలు వేసింది ఆయనే. గొట్టాలు వేసినవాడివి కదా, మొక్కలు కూడా చూసుకోమన్నారు. ఆయనకి మొక్కంటే గొట్టానికి అడ్డం పడే చెత్త. పిన్ని ఒకరోజు అన్నం పట్టుకెళ్లేసరికి, మోచేతిదాకా చెయ్యి దించి మొక్కల్ని వేళ్లతో సహా గుప్పిళ్లుగా పీకుతున్నాడు. నీళ్లన్నీ బురద.

"లేవండి అక్కణ్ణించి," అన్నది పిన్ని. సంచిలోంచి తన కత్తెర తీసింది.

బట్ట కత్తిరించటం వచ్చిన చెయ్యి. ఎదిగిన కాడని గణుపు పైన కత్తిరించి, ఆ కొసనే మళ్లీ పక్కన గుచ్చితే అది వేళ్లు వేసి ఇంకో మొక్క అవుతుందని రెండు మూడు వారాల్లో కనిపెట్టేసింది. వెనక పొడుగువి, ముందు పొట్టివి, మధ్యలో ఎర్రవి. చొక్కాకి జేబు ఎక్కడ కుట్టాలో తెలిసినట్టే ఎర్రమొక్క ఎక్కడుండాలో తెలిసేది. మొగుడు సంతోషంగా గొట్టాలకి వెళ్లిపోయాడు. ఉద్యోగం ఆవిడకి ఉండిపోయింది. కుట్టుమిషను మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు.

పొద్దున్నే దీపాలు వేయటం, రాలిన ఆకులు వలతో ఎత్తటం, మొక్కలకి గాలి పంపే సిలిండరు బుడగలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటం, గొట్టంతో అడుగున మట్టి పీల్చి పాతనీళ్లు తీసి కొత్తనీళ్లు పోయటం, ఇదీ ఆవిడ పని. దీపాల దగ్గర మాత్రం ఆవిడ మాటే చెల్లాలి. గ్రంథాలయం పెద్దసారుకి దీపాలు రాత్రిదాకా వెలుగుతుంటే అందం. పిన్నికి అది నాచు పండించే పొలం. "సార్, మీరు రోజంతా తింటానే ఉంటే ఒళ్లొస్తుందా రాదా? మొక్కలకీ అంతే," అన్నది ఒకసారి. సారు కాస్త లావు మనిషి. ఆ తరవాత దీపాల ఊసెత్తలేదు.

ఇంక మామగారి సంగతి. అరచెయ్యంత చేపగా వచ్చి మూరెడు ఎదిగినవాడు. ఒంటినిండా మచ్చలు, అడుగున గుండ్రటి నోరు, ముఖంలో ఎప్పుడూ ఎవరిమీదో కోపం. పగలంతా మొద్దు తొర్రలో దాక్కుని, హాలు ఖాళీ అయ్యాక వచ్చి తింటాడు. పిన్నికి సొంత మామగారు అచ్చం ఇలాగే ఉండేవాడు. చుట్టాలొస్తే తలుపు వెనక నక్కేవాడు, అందరూ వెళ్లాక వంటింట్లో గిన్నెలు గీకుతూ దొరికేవాడు. అందుకని ఆవిడ చేపకి ఆ పేరు పెట్టింది. మొగుడు మొదట మూడు రోజులు మాట్లాడలేదు. తరవాత రోజూ పని అవ్వగానే వచ్చి, "మా నాన్న తిన్నాడా?" అని అడగటం మొదలుపెట్టాడు.

అది అలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం పిన్ని మొక్కలు కత్తిరించి, చేతులు తడిగా ఉన్నాయని పైన మూత అద్దం జానెడు తెరిచి వదిలేసింది. తడి చేత్తో జరిపితే అద్దం జారుతుంది. చెయ్యి తుడుచుకుని వచ్చి వేద్దామనుకుంది. ఈలోగా అక్క తెచ్చిన అన్నం డబ్బా మూత తెరుచుకుంది. ఆకలి మనిషి. ఆ మూత చూసి ఈ మూత మరిచిపోయింది.

మర్నాడు పొద్దున మామగారు తొట్టి వెనక నేల మీద దొరికాడు. జానెడు సందులోంచి మూరెడు చేప ఎలా ఎగిరిందో ఆయనకే తెలియాలి. పిన్ని ఎవరూ రాకముందే తన పమిట కొంగులో చుట్టి తీసుకెళ్లి క్రోటన్ కుండీలో పూడ్చింది. ఏడ్చింది కూడా. కన్నీళ్లు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి బడిపిల్లల గుంపు అద్దానికి అతుక్కుని ఉంది.

"పిన్నీ, మామగారు ఏడీ?"

"నిద్రపోతున్నాడు," అన్నది పిన్ని. ఒక్క ముక్క. అంతే అన్నది.

పిల్లలు ష్ అంటూ ఒకరి నోళ్లు ఒకరు మూసి, మునివేళ్ల మీద వెళ్లిపోయారు. మర్నాడు వాళ్ల అమ్మల్ని తీసుకొచ్చారు. అమ్మలు నాన్నల్ని తీసుకొచ్చారు. కనబడే చేపకంటే కనబడని చేపకే గిరాకీ ఎక్కువని అప్పుడు తెలిసింది. పెద్దసారు జనాన్ని చూసి పొంగిపోయి, తనే బోర్డు రాయించి మేకులు కొట్టించాడు. నోటి మాటయితే మింగేయవచ్చు. గోడకి మేకులతో కొట్టాక ఎక్కడ మింగటం?

అక్కణ్ణించి పిన్ని ఎడమ అద్దం తుడవటం మానేసింది. పొద్దున్నే బొటనవేలితో నోటి గుర్తులు వేసేది. కీరదోస ముక్క దారం కట్టి మొద్దు దగ్గర వేలాడదీసేది, మధ్యలో చెంచాతో గీకి. ఆ గీకింది తనే తినేది. ఆ ఏడాది గుమ్మం పక్కన క్రోటన్ ఎవరూ చూడనంత ఎత్తు ఎదిగింది. పెద్దసారు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "అంతా నీళ్లు పోసే పద్ధతిలో ఉంది," అని చెప్పేవాడు.

ఇదంతా విన్నాక అక్క ఒకటే మాట అన్నది. "నేను పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు. నన్ను ఇందులోకి లాగకు."

నిజమే. ఆవిడ చదివింది మూడో తరగతే అయినా అబద్ధం ఆడిన మనిషి కాదు. చెల్లెలి పెళ్లికి ముందు పెళ్లికొడుకుని పక్కకి పిలిచి, "మా పిల్ల గురక పెడుతుంది, తరవాత చెప్పలేదనకు," అని చెప్పింది ఆవిడే. కాకపోతే అడగనిది చెప్పే అలవాటు ఆ ఒక్కసారితో మానుకుంది. అందుకని చేప సంగతి కడుపులో దాచుకుంది.

అలా కొన్నాళ్లు హాయిగా గడిచింది. తరవాత తొట్టి మూల చెమ్మగిల్లింది.

మొదట పిన్ని తడిగుడ్డ అనుకుంది. తుడిస్తే మళ్లీ తడి. మొగుణ్ణి పిలిచింది. ఆయన మూల అతుకు మీద వేలు రాసి, వాసన చూసి, "అతుకు పోయింది. తొట్టి మొత్తం ఖాళీ చేసి మళ్లీ అతకాలి. లేదంటే ఒకనాటికి చేపలన్నీ పేపర్లు చదవడానికి వస్తాయి," అన్నాడు.

పెద్దసారు బెంగపడలేదు సరికదా, చప్పట్లు కొట్టినంత పని చేశాడు. మర్నాటికల్లా పాత బోర్డు కింద కొత్త బోర్డు: "శనివారం తొట్టి ఖాళీ చేస్తున్నాం. మామగారిని అందరూ కళ్లారా చూడవచ్చు."

గొడుగాయన ఆ బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు నవ్వాడు.

ఆ రాత్రి పిన్ని అక్కని వంటింట్లో కూర్చోబెట్టుకుంది. చేప లేదని తెలిస్తే పోయేది చేప ఒక్కటే కాదు. ఆవిడ మాట పోతుంది, దాంతోపాటు తొట్టీ పోతుంది. వారానికోసారి వచ్చి మందు చల్లి పోయే కంపెనీవాళ్లకి అప్పగిద్దామని పెద్దసారు అప్పటికే ఒకటి రెండుసార్లు అని ఉన్నాడు. తను కొస కొసా గుచ్చి పెంచిన మొక్కలన్నీ ఎవడో బూట్లవాడు పీకి ప్లాస్టిక్కువి పెడతాడు.

"ఈ వారమే పోయాడని చెప్పు," అన్నది అక్క.

"ఒకసారి చచ్చినవాణ్ణి మళ్లీ చంపమంటావా? అయినా శవాన్ని చూపించమంటారు."

"కొత్తవాణ్ణి కొనుక్కురా."

"కొట్లో వేలెడు పిల్లలే ఉన్నాయక్కా. అది చూసి మామగారు చిక్కిపోయాడనుకుంటారా?"

అప్పటిదాకా గోడకి ఆనుకుని వింటున్న మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఆయనకి అసలు సంగతి తెలియదని ఇద్దరూ అనుకుంటున్నారు.

"క్రోటన్ అంత ఎదిగినప్పుడే అనుకున్నాను," అన్నాడు. "మా నాన్న బతికుండగా ఆయన్ని చూడ్డానికి ఒక్కడూ రాలేదు. పోయాక ఊరంతా వస్తోంది. దాన్ని చెడగొట్టకండి." తల గోక్కుని, "మామగారు ఉండేది తొర్రలో కదా. మొద్దుతో సహా తీసేద్దాం," అన్నాడు.

పిన్ని మొగుడి వంక చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

శనివారం హాలు నిండిపోయింది. గొడుగాయన అందరికంటే ముందు వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. నీళ్లు గొట్టాల గుండా పీపాల్లోకి దిగాయి. చిన్న చేపల్ని వలతో పట్టి డబ్బాల్లో వేశారు. నీళ్లు మొద్దు నడుము దాకా దిగగానే పిన్ని నీళ్లలోకి దిగి, తడి గోనెపట్టా మొద్దు మీద కప్పి, చుట్టూ చుట్టి, తాడు కట్టింది. మొగుడూ ఆవిడా కలిసి దాన్ని పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి దించారు.  

"ఒక్కసారి గోనె తియ్యమ్మా, జనం చూస్తారు," అన్నాడు పెద్దసారు.

పిన్ని తాడు ముడి ఇంకాస్త బిగించింది. అప్పుడు అక్క లేచింది. భోజనం డబ్బా బల్ల మీద పెట్టి, నేరుగా సారు ముందుకొచ్చింది.

"అయ్యా, ఒక మాట అడుగుతాను. మీరు స్నానం చేసి వస్తుంటే, ఇంతమంది ముందు మీ తువ్వాలు లాగితే ఎలా ఉంటుందండి?"

పెద్దసారు తన చొక్కా గుండీలు తడుముకున్నాడు. జనంలో ఆడవాళ్లు నవ్వారు. ఎవరో "పాపం, పెద్దవాడు, వెళ్లనివ్వండి," అన్నారు. అక్క అబద్ధం ఆడలేదు. ఒక ప్రశ్న అడిగింది, అంతే.

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. కొందరు పిల్లల్ని ఎత్తి చూపించారు. టబ్బు సగం దారికి వచ్చేసరికి గొడుగాయన ముందుకొచ్చాడు.

"మీవల్ల కావటం లేదు. నేనొక చెయ్యి వేస్తాను," అన్నాడు. సాయం చేసే ముఖం కాదది. గొడుగు మెడ వెనక తగిలించుకుని, పిన్ని పక్కనే టబ్బు అంచు పట్టుకున్నాడు. బరువు తూచి చూస్తున్నాడని ఆవిడకి తెలిసింది. కాదనటానికి లేదు.

సామాన్ల గది గుమ్మం దగ్గర టబ్బు ఒక పక్కకి ఒరిగింది. మొద్దు దొర్లింది. తొర్రలో నిలిచిన నీళ్లు గుడగుడమని చప్పుడు చేసి, మొద్దు టబ్బు గోడకి ఒక్కటి గట్టిగా కొట్టుకుంది.

గొడుగాయన బిర్రబిగుసుకుపోయాడు.

"కదిలాడు," అన్నాడు. తరవాత జనం వైపు తిరిగి, గ్రంథాలయం అని మరిచిపోయి, గట్టిగా అన్నాడు. "కదిలాడండీ. తోకతో కొట్టాడు. నా చేతికి తెలిసింది."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో, టబ్బు చెవికీ గుమ్మం చెక్కకీ మధ్య నాచు పిన్ని కుడిచేతి బొటనవేలు నలిగిపోయింది. ఆవిడ అరవలేదు. అరిస్తే టబ్బు వదలాలి. పళ్లు బిగించి లోపలికి చేర్చి, తలుపు గడియ పెట్టాక అప్పుడు కూర్చుంది. మొగుడు వేలికి గుడ్డ చుడుతూ, "నాన్న ఇలాగే. పోతూ పోతూ ఎవరినో ఒకర్ని గిల్లేవాడు," అన్నాడు.

అతుకు వేశారు, అది ఆరిందాకా ఆగారు, దాచిన పాతనీళ్లలో కొత్తనీళ్లు కలిపి నింపారు. మొక్కలు మళ్లీ గుచ్చారు. పొద్దున్నే తలుపులు తెరవకముందు మొద్దుని దాని చోట పడుకోబెట్టారు. గొడుగాయన ఇప్పుడు మామగారికి పెద్ద సాక్షి. వచ్చినవాళ్లందరికీ ఆయనే చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ చేప ఒక బెత్తెడు పెరుగుతుంది.

అంతా బాగానే ఉంది, నాచు వచ్చేదాకా. కడిగిన అద్దానికి మెల్లగా పచ్చదనం పట్టింది. నిండా పట్టింది. ఒక్క మచ్చ లేదు. గొడుగాయన ఎడమ అద్దం దగ్గర నిలబడి తల పంకించాడు. ఆయనకి ఇప్పుడు అనుమానం కాదు, బెంగ. తిన్నగా పెద్దసారు దగ్గరికి వెళ్లి, "మామగారు అన్నం ముట్టటం లేదండి. ఆ రోజు దెబ్బ తగిలి ఉంటుంది. పశువుల డాక్టరుని పిలిపించండి," అన్నాడు. పెద్దసారు పిలిపించాడు. డాక్టరు మర్నాడు వస్తానన్నాడు.

ఆ సాయంత్రం పిన్ని వంటింట్లో అక్క ఎదురుగా కూర్చుంది. కుడి బొటనవేలికి ముంజేతిదాకా కట్టు. గోరు ఊడి కొత్తది వచ్చిందాకా తడి తగలకూడదన్నారు.

"ఎడమచేత్తో వెయ్యి," అన్నది అక్క, అడక్కముందే.

"వేశానక్కా. అన్నీ అటు తిరిగి ఉన్నాయి. మామగారు వెనక్కి నడిచినట్టుంది. మళ్లీ నాచు పట్టిందాకా దడిగా మొక్కలు అడ్డం పెట్టాల్సొచ్చింది."

"మీ ఆయన్ని వెయ్యమను."

"ఆయన వేలు సుత్తిలా ఉంటుంది. ఆయన వేస్తే చేప అనుకోరు, మొసలి అనుకుంటారు."

అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే ఉంది. తల ఎత్తలేదు.

పిన్ని ఎడమచేత్తో అక్క కుడిచెయ్యి చాటలోంచి పైకి తీసింది. బొటనవేలు అటూ ఇటూ తిప్పి, గుడ్డ కొలిచేటప్పుడు చూసినట్టు చూసింది.

"నాకంటే కొంచెం వెడల్పు. పర్లేదు. అక్కడా ఇక్కడా తిని ఒళ్లు చేశాడనుకుంటారు."

"నేను అబద్ధం ఆడనని నీకు తెలుసు," అన్నది అక్క. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"నిన్ను అబద్ధం ఎవరాడమన్నారే," అన్నది నాచు పిన్ని. "రేపు పొద్దున్నే, తలుపులు తియ్యకముందు, నాతో వచ్చి కాస్త అద్దం తుడువు. అంతే నేనడిగేది. మొత్తం వద్దు. అక్కడక్కడ."